అభ్యర్థి మార్కులు వేసే ఫారమ్

ఇంటర్వ్యూ అయిన మర్నాడే కంపెనీ నుంచి మెయిల్ వస్తుంది. ‘మా ఎంపిక విధానం మీకెలా అనిపించింది? రెండు నిమిషాల్లో చెప్పండి’ అని. ఫలితం మాత్రం ఇంకా తేలలేదు. అలాంటప్పుడు ‘ప్యానెల్ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది, నా రెజ్యూమె ఎవరూ చదివినట్టు లేదు’ అని రాసే ధైర్యం ఎవరికుంటుంది? అన్నిటికీ ఐదుకి ఐదు నొక్కి పంపేస్తారు. అక్కడ డ్యాష్‌బోర్డులో సగటు పచ్చరంగులో వెలుగుతుంది, మీటింగులో చప్పట్లు కొడతారు. ఆ అంకె మాత్రం దేనికీ పనికిరాదు.

నిజం చెప్పినా తనకేం కాదన్న నమ్మకం అభ్యర్థికి కలిగేలా ఫారమ్ తయారుచేయడం ఒక పనితనం. ఉద్యోగ ప్రకటనల్లో దీనికంటూ విడిగా హోదా కనిపించదు. నియామక సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల్లో డెవలపర్లు, టెస్టర్లు, కస్టమర్ దగ్గర సాఫ్ట్‌వేర్ అమర్చే ఇంప్లిమెంటేషన్ కన్సల్టెంట్లు తలా కాస్త చేస్తారు. పెద్ద కంపెనీల్లో హెచ్‌ఆర్ సిస్టమ్స్ చూసేవాళ్ల వంతుకీ వస్తుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్, అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్ అంటారు. హైదరాబాద్‌లో మొదలైన డార్విన్‌బాక్స్, కేకా ఈ రంగంలోనే ఉన్నాయి. చెన్నైకి చెందిన జోహోకి జోహో రిక్రూట్ ఉంది. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాయాలంటే ముందు బ్యాంకు పని నేర్చుకోవాలి. ఇక్కడ ఆ అవసరం సగమే. జవాబు రాని దరఖాస్తుల బాధ ఫ్రెషర్‌కి తెలిసినంతగా ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మేనేజరుకి తెలియదు.

తాను వద్దన్న అభ్యర్థి ఏమనుకుంటే కంపెనీకి ఏం పోయింది అనిపించవచ్చు. బ్రిటన్‌లో వర్జిన్ మీడియాకి ఈ సంగతి లెక్క వేశాకే అర్థమైంది. ఉద్యోగానికి వచ్చి తిరస్కారం పొందినవారిలో కొంతమంది ఆ కంపెనీ ఇంటర్నెట్, టీవీ కనెక్షన్లు వాడుతున్న ఖాతాదారులే. అనుభవం చేదుగా ఉండటంతో కనెక్షన్ మానుకుని పోతున్నవారి వల్ల ఏటా సుమారు 44 లక్షల పౌండ్ల నష్టం వస్తోందని తేలింది.

ప్రశ్నల దగ్గరికి వద్దాం. చాలా కంపెనీలు ‘మా దగ్గర ఉద్యోగానికి దరఖాస్తు చేయమని మీ స్నేహితులకు చెబుతారా? 0 నుంచి 10 లోపు అంకె వేయండి’ అని అడుగుతాయి. ఇది ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రతిపాదించిన నెట్ ప్రమోటర్ స్కోర్‌కి అభ్యర్థుల రూపం. 9, 10 వేసినవారి శాతంలోంచి 0 నుంచి 6 వరకు వేసినవారి శాతాన్ని తీసేస్తే వచ్చేదే స్కోరు. 7, 8 వేసినవారు మొత్తం సంఖ్యలో ఉంటారు గానీ, ఈ రెండు శాతాల్లో దేనిలోకీ రారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ, చిన్న సంఖ్యల దగ్గర తికమక పెడుతుంది. ఇరవై మంది జవాబిచ్చారనుకోండి. పదిమంది పై కొసలో, నలుగురు కింది కొసలో ఉంటే స్కోరు 30. పైవాళ్లలో ఇద్దరు 9 బదులు 8 వేస్తే చాలు, స్కోరు 20కి పడిపోతుంది. ఇద్దరు తలా ఒక్క మార్కు తగ్గించినందుకు రిక్రూటర్‌ని పిలిచి సంజాయిషీ అడగడం న్యాయం కాదు. అందుకే ఈ స్కోరు ఇచ్చేచోట, పక్కనే ఎంతమంది జవాబిచ్చారో కూడా చూపించాలి.

అభిప్రాయం కంటే జరిగిందేమిటో అడగడం మంచిదని నా నమ్మకం. ‘ఇంటర్వ్యూ చేసినవారు మర్యాదగా, సమయపాలనతో ఉన్నారా?’ అన్నది రెండు ప్రశ్నల ముడి. మర్యాదగా ఉండి ఆలస్యంగా వచ్చినవారికి ఏ మార్కు వేయాలి? ‘ఇంటర్వ్యూ చెప్పిన సమయానికి మొదలైందా?’ అని అడిగి, సమయానికే, 15 నిమిషాల లోపు, అంతకంటే ఆలస్యం అని మూడు ఎంపికలు ఇస్తే దిద్దుకోవాల్సింది ఎక్కడో తెలుస్తుంది. ఇలాంటివి నాలుగైదు, చివర మనసులో మాట రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె చాలు.

అసలు కష్టం గోప్యత దగ్గరుంది. ‘మీ పేరు బయటపెట్టం’ అని ఫారమ్ పైన రాయడానికి అరనిమిషం పట్టదు. ఆ మాట నిలబెట్టుకోవాల్సింది డేటాబేస్. లింకులో అభ్యర్థి నంబరు నేరుగా కనిపిస్తే అక్కడితోనే అయిపోయింది. దాని బదులు ఊహించలేని, ఒక్కసారే పనిచేసే టోకెన్ ఇవ్వాలి. టోకెన్ వాడారా లేదా అన్నది ఒక టేబుల్లో, జవాబులు ఇంకో టేబుల్లో ఉండాలి, రెంటినీ కలిపే కాలమ్ ఉండకూడదు. రిమైండర్ ఎవరికి పంపాలో మొదటి టేబులే చెబుతుంది. ఇంత చేశాక కూడా రెండు టేబుళ్లలోనూ సెకన్లతో సహా సమయం నమోదైతే, ఆ సమయాలు సరిపోల్చి ఎవరు ఏం రాశారో పట్టేయవచ్చు. జవాబు దగ్గర ఏ వారమో మాత్రమే ఉంచితే ఆ దారి చాలావరకు మూసుకుంటుంది.

ఇంకో చిల్లు రిపోర్టులో ఉంటుంది. విజయవాడ బ్రాంచిలో ఒకే పోస్టు, వచ్చింది ముగ్గురు. బ్రాంచి, నెల ఎంచుకుంటే చాలు, తిట్టింది ఎవరో మేనేజరు ఇట్టే చెప్పేస్తాడు. కనీసం ఐదు జవాబులు చేరేదాకా ఏమీ చూపించకుండా ఆపడం ఒక మార్గం. అదీ పూర్తి కాపలా కాదు. నిన్న ఐదుగురి సగటు, ఇవాళ ఆరుగురి సగటు చూసినవాడు తీసివేతతో ఆరో మనిషి వేసిన మార్కు రాబట్టగలడు. కాబట్టి రిపోర్టు నెలకోసారి మారేలా పెట్టడం నయం.

ఎప్పుడు పంపాలన్నదీ తేలిక విషయం కాదు. ఏటీఎస్‌లో అభ్యర్థి ఒక దశ నుంచి మరో దశకు మారగానే మెయిల్ వెళ్లేలా ట్రిగ్గర్ పెడతారు. ‘మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నాం’ అన్న మెయిల్ వెనకాలే ‘మా సేవ ఎలా ఉంది?’ అని ఇంకొకటి వెళ్తే పుండు మీద కారం చల్లినట్టే. రిక్రూటర్ పొరపాటున అభ్యర్థి కార్డును పక్క దశ కాలమ్‌లోకి లాగి, నిమిషంలో వెనక్కి పెట్టడం కూడా మామూలే. ఫలితం చెప్పిన రెండు మూడు రోజులకు వెళ్లేలా వరుసలో పెట్టి, పంపే ముందు స్థితి మళ్లీ చూసుకుంటే రెండు తిప్పలూ తప్పుతాయి. ఇంటర్వ్యూ దాకా రానివారికి ఇంటర్వ్యూ ప్రశ్నలు కనిపించకూడదని వేరే చెప్పక్కర్లేదు. అయినా అవి కనిపించే ఫారాలు బోలెడు.

మధ్యలో ప్రశ్న మాటలు మారిస్తే దాన్ని కొత్త వెర్షన్‌గా దాచాలి. లేకపోతే పాత జవాబులు కొత్త ప్రశ్నకు అతుక్కుంటాయి.

గోదాములకు, ఆస్పత్రులకు, డెలివరీ పనులకు మనుషుల్ని తీసుకునేచోట మెయిల్ తెరిచేవారు తక్కువ. ఎస్సెమ్మెస్ పంపాలి, అదీ తెలుగులో. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 యూనికోడ్ కోడ్‌లే పడతాయి. గుణింతం, ఒత్తు ఒక్కొక్కటీ విడిగా లెక్కకొస్తాయి కనుక ఆ 70 త్వరగా ఖర్చవుతాయి. పైగా మన దేశంలో ఇలాంటి సందేశాల నమూనాను టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయాలి. జవాబులు దాచేచోటా చిక్కుంది: అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు, ఎమోజీకి సాధారణంగా 4 బైట్లు పడతాయి. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 ఎంచుకుంటే తెలుగు బాగానే నిలుస్తుంది, ఏడుపు బొమ్మ పెట్టినవాడి జవాబు మాత్రం ఎర్రర్ కొడుతుంది. భాష గురించి చట్టమూ మాట్లాడుతుంది: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే పాఠాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలుండాలి. టెస్టర్‌గా చేరాలనుకునేవారికి ఈ పేరాలో ఉన్నవన్నీ టెస్ట్ కేసులే.

ఈ పనితనం చూపించడానికి ప్రాజెక్టు కావాలంటే ఓపెన్ సోర్స్ హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ ఫ్రాపే హెచ్‌ఆర్ దించుకోండి. అందులో ‘ఇంటర్వ్యూ ఫీడ్‌బ్యాక్’ ఉంది గానీ అది ఇంటర్వ్యూ చేసినవారు అభ్యర్థి గురించి నింపేది. రెండో వైపు ఫారమ్ మీరు చేయండి. రెజ్యూమెలో ‘ఫీడ్‌బ్యాక్ ఫారమ్ చేశాను’ అని రాస్తే ఎవరూ ఆగి చూడరు. ‘ఏ జవాబు ఎవరిదో అడ్మిన్‌కి కూడా తెలియకుండా అభ్యర్థి ఫీడ్‌బ్యాక్ మాడ్యూల్’ అని రాస్తే, ‘ఎలా?’ అని అడగకుండా ఉండలేరు. ఆ తర్వాత రాగల ప్రశ్న ఇది: ‘పెద్ద కస్టమర్ ఒకరు, జవాబుల పక్కన అభ్యర్థి పేరు చూపించమని పట్టుబడితే?’ ఇప్పటికే వచ్చినవాటికి ఆ పేర్లు మన దగ్గరే లేవని చెప్పండి. ఇకపై కావాలంటే, పేరు కనిపిస్తుందని ఫారమ్ మొదటి వరుసలోనే రాయాల్సి ఉంటుందనీ, అప్పుడు అన్నిటికీ ఐదుకి ఐదే వస్తాయనీ వివరించండి.