విద్యార్థికి భృతి, సంస్థకు బాధ్యత

గడచిన సంఘసమావేశమున, వ్యవసాయ కళాశాల విద్యార్థి నొకనిని ఈ ఖరీఫునందు మన గ్రామమున నుంచుకొను విషయము చర్చకు వచ్చినప్పుడు, ఒక పెద్దరైతు నన్నిట్లు ప్రశ్నించెను: "అయ్యా, పని నేర్చుకొనుటకు వచ్చువానికి డబ్బిచ్చుట యెక్కడి న్యాయము? నేర్పినవారికి గదా దక్షిణ యీయవలసినది!" సభలోని వారందఱు నవ్విరి. కాని ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. ఆ దినమున నేను సరిగా బదులు చెప్పలేకపోతిని గావున ఇచ్చట వ్రాయుచున్నాను.

ఇట్టి యేర్పాటు బాగుగా సాగినచో నెట్లుండునో చూచుటకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమును ఉదాహరణముగా గైకొందము. అచ్చట 2022వ సంవత్సరమున "కాలేజి కోర్" అను పథకము ప్రారంభమయ్యెను. మొదటి యేట సుమారు 3,250 మంది కళాశాల విద్యార్థు లందు చేరిరి. వీరిని ఫెలోలందురు. ఒక్కొక్క ఫెలో చదువు మానకయే సంవత్సరములో 450 గంటలు పరోపకారమగు పని చేయవలెను. ముప్పది వారములకు పంచినచో వారమునకు 15 గంటలగును. ఇందులకు 7,000 డాలర్లు జీవనభృతిగా ఏడాది పొడుగునను ఇత్తురు. గంటలు పూర్తి చేసినవారికి చదువు ఖర్చులకై మఱి 3,000 డాలర్లు లభించును. ధనము ప్రభుత్వనిధులనుండి కళాశాలల ద్వారా వచ్చును. పని మాత్రము లాభాపేక్షలేని స్థానిక సంస్థలలోను, పాఠశాలలలోను జరుగును. బడిపిల్లలకు చదువు చెప్పుట, చెట్లు నాటుట మొదలగు వాతావరణ రక్షణ కార్యములు, ఆకలిగొన్నవారికి ఆహారము చేర్చుట, ఈ మూడును ముఖ్యమైన పనులు.

మూడవదానిని రైతులు విశేషముగా గమనింపదగును. కాయ చిన్నదనియో, తోలుపై మచ్చయున్నదనియో అంగడిలో చెల్లని పండ్లు, కూరగాయలు ఆ దేశమున "ఫుడ్ బ్యాంకు" లనబడు ధర్మసంస్థలకు చేరుట కలదు. వానిని ఏరి, పెట్టెలలో సర్ది, బీదలకు పంచుటకు మనుష్యులు కావలయును. మామిడి మండీలో కాయ లేరుట చూచినవారికి, ఇది ఎంత చాకిరియో నేను చెప్పనక్కఱలేదు.

ఇక భృతి యెందులకనగా వినుడు. తండ్రివద్ద ధనమున్న విద్యార్థి భృతి లేకున్నను రాగలడు. కూలివాని కుమారుడు సాయంకాలము ఏ హోటలులోనో పనిచేసినగాని ఫీజు కట్టజాలడు. భృతి తీసివేసినయెడల సేవ చేయుటయు, పని నేర్చుటయు కలిగినవారి పిల్లలకే దక్కును. ఆ దేశమున 1964వ సంవత్సరపు చట్టమే బీద విద్యార్థులు పనిచేయుచు చదువుకొనుటకు దారి తీసెను. ఆ చట్టము క్రింద వేతనములో సామాన్యముగా నూటికి 75 వంతుల వఱకు కేంద్ర ప్రభుత్వము భరించును. మిగిలినది పని యిచ్చినవారు భరింతురు. ప్రసంగవశమున నొక హెచ్చరిక: విద్యార్థి వీసాపై వెళ్లిన మన పిల్లలకు ఆ 1964 నాటి చట్టపు సహాయము లభింపదు. దానిని నమ్ముకొని పొలము తాకట్టు పెట్టవలదు.

మన దేశమునను ఇట్టిది లేకపోలేదు. వ్యవసాయ పట్టపరీక్షకు చదువు విద్యార్థులు చివరి సంవత్సరమున పల్లెలలో నుండి, ఒక్కొక్క రైతుకుటుంబముతో కలిసి పంటపనులు నేర్చుకొను పద్ధతి చాలకాలముగా నున్నది. 2015లో కేంద్రము దానిని "స్టూడెంట్ రెడీ" అను పథకములో చేర్చెను. నెలకు 3,000 రూపాయల చొప్పున ఆఱు నెలల వఱకు భృతి నిర్ణయింపబడెను. కావున మన సంఘము విద్యార్థికి జీతమీయ నవసరము లేదు. ఈయవలసినది వేఱొకటి కలదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక సంఘమునకు నేనే యొక విద్యార్థిని పంపితిని. అచ్చటివారు పిల్లవానిని ఆదరముతోనే చూచిరి. భోజనమునకు లోపము లేదు. కాని వానికి పని యేదియు సిద్ధపఱచి యుంచలేదు. మూడు వారములు పాత రసీదులను పుస్తకములో నెక్కించెను, వచ్చినవారికి టీ తెచ్చి యిచ్చెను. అదే సమయమున గోదాములో వేరుసెనగ విత్తనము బస్తాలుగా పడియుండెను. దానిని పరీక్షించిన వాడు లేడు. విత్తిన తరువాత చాళ్లలో మొలక పలుచబడి, పెక్కురు రైతులు అప్పు తెచ్చి తిరిగి విత్తవలసి వచ్చెను. ఆ పరీక్ష కళాశాలలో చేసి వచ్చిన పిల్లవాడు ఆ గోదాము ప్రక్కగదిలోనే కూర్చుండి రసీదులు వ్రాయుచుండెను! వానిని పంపి, మరల పోయి చూడకపోయిన తప్పు నాదియు గలదు.

కాలిఫోర్నియా పథకములో విద్యార్థికి పని చూపి, గంటలు లెక్కించుటకు పనిచోట ఒక పర్యవేక్షకుడుండును. మనకును అట్టి మనిషి కావలెను. దినమున కొక గంట చాలును, కాని ఆ గంట తప్పరాదు. ఊరి సంగతులెఱిగిన రైతైనచో మఱియు మేలు.

మొదటి పని విత్తనపరీక్షయే కావలెనని నా యభిప్రాయము. ఒక్కొక్క రకమునుండి, వేర్వేరు బస్తాల పైన, నడుమ, అడుగున నున్న కాయలను తీసి కలిపి, ఒలిచి, ఏరకుండ నూఱు గింజలను లెక్కించవలెను. తడిపిన గోనెపట్టాపై వరుసలుగా పేర్చి, చాపవలె చుట్టి, నీడలో నుంచి, ఆఱిపోకుండ నీరు చల్లుచుండవలెను. పదవదినమున విప్పి మంచి మొలకలను లెక్కించవలెను. ఇట్లు నాలుగుమారులు చేసి సగటు చూచిన లెక్క నమ్మదగియుండును. ధ్రువీకరించిన వేరుసెనగ విత్తనమునకు నూటికి 70 మొలకలైన నుండవలెనని నియమము. అంతకు తగ్గిన రకమును రైతులకు పంచక, తెచ్చినచోటికే త్రిప్పి పంపుటకు అప్పటికి వ్యవధి యుండును. విద్యార్థి వచ్చులోపలనే విత్తనము గోదాము చేరునట్లు చూడవలసిన భారము పాలకవర్గముది.

విద్యార్థి యుండుటకు గది, రాత్రి భోజనము ఎవరి యింట ననునది ఇంకను తేలలేదు. ఈయగలవారు సంఘ కార్యదర్శిగారికి తెలియజేయ గోరుచున్నాను.