వాడికి వచ్చిన పనికీ ఒక పీరియడ్ ఇవ్వండి

పిల్లాడు చదువులో వెనకబడ్డాడని ప్రోగ్రెస్ కార్డులో కనిపించగానే చాలా ఇళ్లలో మొదట డ్రాయింగ్ క్లాసు మాన్పిస్తారు. తర్వాత క్రికెట్ పోతుంది. ఆ తర్వాత సాయంత్రం సైకిలు. ఖాళీ అయిన టైములో ఒక ట్యూషన్, అది చాలకపోతే ఇంకో ట్యూషన్. చివరికి తెల్లారి లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా వాడి చేత మనం చేయించేదంతా వాడికి రాని పనే. ఆఫీసులో మనకు అలాంటి డ్యూటీ వేస్తే వారం తిరక్కుండా సెలవు చీటీ రాసేస్తాం.

ఇలా వెనకబడేవాళ్లలో డిస్లెక్సియా ఉన్న పిల్లలకు చదవడం కష్టం, డిస్‌గ్రాఫియా ఉంటే రాయడం, డిస్‌కాల్క్యులియా ఉంటే లెక్కలు. తెలివితక్కువతనం వేరు, ఇవి వేరు. ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1896లోనే ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లిష్ డాక్టరు పద్నాలుగేళ్ల పిల్లాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. తెలివైనవాడే, లెక్కలు బాగానే చేస్తాడు, కానీ చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. పాఠమంతా నోటితోనే చెబితే బడిలో వీడిని మించినవాడు ఉండడని వాళ్ల మాస్టారు అన్నాడట.

మీవాడి తెలుగు నోటుబుక్కు ఒకసారి తెరిచి చూడండి. 'మ' రాయాల్సిన చోట 'య', 'ద'కు బదులు 'ధ'. ఒత్తులు జారిపోయి 'అమ్మ' కాస్తా 'అమ' అయి ఉంటుంది. బోర్డు మీది వాక్యం సగంలో ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు అదే పాఠం మీరు చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. టకటకా చెప్పేస్తున్నాడంటే తిట్టడం ఆపి, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించి, ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందులను గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ వంటి సౌకర్యాలు దొరుకుతాయి. టెన్త్ పరీక్షల ముందు కంగారు పడకుండా, మీ బోర్డులో ఏమేం ఇస్తారో స్కూల్లో ఇప్పుడే కనుక్కోండి.

ఇదంతా వాడికి రానిదాని సంగతి. వచ్చినదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

నాకు తెలిసిన ఒక ఇంట్లో టెంట్‌హౌస్ వ్యాపారం. ఏడో తరగతి పిల్లాడు, పుస్తకంలో పది లైన్లు చదవడానికి చెమటలు పడతాయి. పెళ్లి సామాను ఆటోలోకి ఎక్కించేటప్పుడు మాత్రం పనివాళ్లు వాడినే అడుగుతారు. ఇనుప పైపులు అడుగున, గుండిగలు ఒకదాంట్లో ఒకటి, వాటి సందుల్లో గంటెలు, పక్కన కుర్చీల దొంతరలు. మండపం దగ్గర ముందు దించాల్సిన షామియానా గుడ్డ అన్నిటికన్నా ఆఖర్న ఎక్కాలి. ఎక్కించకముందే ఆ అమరికంతా వాడి బుర్రలో ఉంటుంది. వాళ్లమ్మ మాత్రం, "సామాను సర్దడం తప్ప వాడికేం వచ్చండీ" అంటుంది.

ఆ సర్దడమే వాడి బలం. పిల్లల్లో మనం వెతికేది పాటో, బొమ్మో, చదరంగమో. అంటే మెడల్ వచ్చేవే. అసలు బలం ఇలా ఇంటి పనుల్లో, ఆటల్లో కలిసిపోయి ఉంటుంది. "వాడికి ఫోన్ పిచ్చి" అంటే ఏమీ తేలదు. ఫోన్‌తో ఏం చేస్తున్నాడు? వీడియోలు అతికిస్తున్నాడా, తాతయ్యకు సెట్టింగులు సరిచేసి పెడుతున్నాడా, ఊరికే చూస్తూ కూర్చున్నాడా? ఏ పనిలో తప్పు జరిగినా విసుక్కోకుండా మళ్లీ మొదలుపెడుతున్నాడు? వీధి పిల్లలు దేనికోసం వాడిని పిలుచుకుపోతున్నారు? నెల రోజులు గమనించండి, కాగితం మీద రాసుకోండి.

జాకీ స్టీవర్ట్ సంగతి ఇక్కడ చెప్పాలి. స్కాట్లాండ్‌లో పుట్టాడు. బడిలో మొద్దు అనిపించుకుని పదిహేనేళ్లకే చదువు మానేశాడు. తండ్రి గ్యారేజీలో మెకానిక్ పని నేర్చుకున్నాడు, తుపాకీ గురిలో పోటీలు గెలిచాడు. రేసు కారు నడిపే మొదటి అవకాశం ఇచ్చింది ఆ గ్యారేజీకి వచ్చే కస్టమరే. తర్వాత 1969, 1971, 1973లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్. అక్షరమాల చివరిదాకా అప్పజెప్పలేని మనిషి, ఇరవై కిలోమీటర్లు దాటిన జర్మనీ రేసు ట్రాక్‌లో ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో చెప్పగలిగేవాడు. డిస్లెక్సియా అని తెలిసింది మాత్రం నలభై దాటాకే, అదీ కొడుక్కి పరీక్ష చేయించినప్పుడు.

డిస్లెక్సియా ఉన్నవాళ్లంతా మేధావులని ఈ కథకు అర్థం కాదు. ఐన్‌స్టీన్ పేరు చెప్పి తల్లిదండ్రులను ఊరడించే ప్రసంగాలంటే నాకు చిరాకు. స్టీవర్ట్ విషయంలో నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. అతని నేర్పు బయటివాళ్ల కంట పడే చోట ఉంది. అమ్మ మెచ్చుకుంటే పిల్లాడికి సంతోషం, కానీ అమ్మ ఎలాగూ మెచ్చుకుంటుందని వాడికి తెలుసు. వాడి పనితో ఇంకొకరికి అవసరం పడాలి.

అందుకని ఆ పనికి వారంలో రెండు మూడు గంటలు ఖాయంగా కేటాయించండి. "హోంవర్క్ అయ్యాకే" అనే షరతు వద్దు. హోంవర్క్ వాడికి ఎప్పటికీ అవదు. మార్కులు తగ్గాయని ఆ గంటల్లో కోత పెట్టొద్దు. ఆ పని తెలిసిన పెద్దమనిషిని ఒకరిని చూడండి, అది మెకానిక్ షాపు మావయ్యైనా సరే. మెచ్చుకునేటప్పుడు "సూపర్‌రా" అని ఊరుకోక, "ఆ గుండిగల మధ్య గోనెసంచి పెట్టావు చూడు, ఒక్క సొట్ట పడలేదు" అనండి.

"చదువెలాగూ రాదు, కొట్లో కూర్చోబెట్టేద్దాం" అనుకోవడం మాత్రం రెండో వైపు తప్పు. చదవడం నేర్పాల్సిందే, వేరే దారిలో. చూస్తూ, పైకి పలుకుతూ, వేలితో దిద్దుతూ, ఒక్కో శబ్దాన్నీ అక్షరంతో జతచేసే పద్ధతిలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉన్నారు. ఇంట్లో దిద్దించడానికి బియ్యం పోసిన పళ్లెం చాలు. మాటలు మాత్రం వాడి పనిలోవే ఇవ్వండి. ఆ టెంట్‌హౌస్ పిల్లాడి చేత ఇప్పుడు గోడౌన్ అరలకు చీటీలు రాయిస్తున్నారు. 'చిల్లుల గంటె' అని రాయడానికి మూడు చీటీలు చించాడు. నాలుగోది అరకు అంటించాడు, ఎవరూ బతిమాలలేదు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల మాట కాసేపు ఆపి, "మేడమ్, క్లాసులో ఏ పని ఇస్తే మావాడు ముందుకొస్తాడు?" అని అడగండి. "వాడా, కుదురుగా కూర్చోడండీ" అంటే అక్కడితో వదిలేయకుండా పీఈటీ సార్‌ను, ల్యాబ్ చూసుకునే ఆయన్ను, బస్సు డ్రైవర్‌ను కూడా అడిగి రండి.