లింగాలకొండ మీద నడక



అనకాపల్లి దగ్గర శంకరం ఊరి పక్కన రెండు చిన్న కొండలున్నాయి. తూర్పుది బొజ్జన్నకొండ. పడమటిది లింగాలకొండ. మొదటిదాని పేరు చాలామంది విన్నదే. రెండోది పెద్ద సందడి లేని కొండ. ఈ పాఠం దాని గురించే.

లింగాలకొండ మీద బండరాతిని తొలిచి చేసిన స్తూపాలు వరుసలుగా ఉంటాయి. బౌద్ధ స్తూపాలున్న కొండకు ఆ పేరెలా వచ్చింది? సంఘం ఉన్నన్నాళ్లు స్తూపమంటే ఏమిటో చెప్పేవాళ్లున్నారు. సంఘం పోయింది, చెప్పేవాళ్లూ పోయారు. తర్వాత చూసినవాళ్లకు ఆ గుండ్రటి రాళ్లు లింగాల్లా కనిపించాయి. రాయి మారలేదు, పేరు మారింది.

పక్క కొండ సంగతీ అంతే. ‘బుద్ధుని కొండ’ అన్నదే బొజ్జన్నకొండ అయిందంటారు. 1907-08లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు జరిపారు. అయినా కనుమ నాడు, రాక్షసుడనుకుని రాళ్లు రువ్వే ఆచారం చాలాకాలం సాగింది. రువ్వినవాళ్ల మీద ద్వేషం పెట్టుకోవద్దు. అది అవిద్య. అవిద్యకు మందు కోపం కాదు, ఓపిగ్గా తెలియజెప్పడం.

ఎలా నడవాలి?

కొండ కింద నిలబడి త్రిశరణం, పంచశీలం చెప్పుకోండి. ఫోన్ కట్టేయండి. మాటలు ఆపి మెల్లగా ఎక్కండి. కాలు లేస్తోంది, కాలు ఆనుతోంది అని గమనించండి. మనసు ఇంటి అప్పుల మీదికో, ఆఫీసు గొడవల మీదికో పోతుంది. పోనీండి, తిట్టుకోకుండా మళ్లీ పాదం దగ్గరికి తెచ్చుకోండి. దీన్నే పాళిలో చంకమం అంటారు. అంగుత్తర నికాయంలో బుద్ధుడు దీనికి ఐదు లాభాలు చెప్పాడు: దూరం నడిచే శక్తి వస్తుంది, సాధనకు ఓర్పు వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది.

స్తూపం దగ్గర ఆగండి. దాని మీదికి ఎక్కవద్దు. కొబ్బరికాయ, కుంకుమ, మొక్కులు వద్దు. స్తూపం వరాలిచ్చే దేవుడు కాదు. ధమ్మాన్ని ఆచరించిన మనుషులు ఇక్కడ బతికారని చెప్పే గుర్తు.

ఇది మన ఇంటి సంగతి కూడా

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకుని, లక్షలమందికి ఇచ్చారు. ఆ దీక్ష మన ఇంట్లో ఎలా ఉంది? గోడ మీద పటం ఉంది, సర్టిఫికెట్‌లో బౌద్ధం అని ఉంది. పిల్లలు ‘పంచశీలం అంటే ఏమిటి?’ అనడిగితే జవాబు ఉందా? లేకపోతే రేపు ఆ పటం కూడా వాళ్లకు ఇంకో దేవుడి బొమ్మే అవుతుంది. బండరాతిలో చెక్కిన పేరే నిలవలేదు, కాగితం మీది పేరు నిలుస్తుందా? ఆచరణలో ఉన్నదే నిలుస్తుంది.

ఈ వారం సాధన: కొండదాకా వెళ్లలేనివాళ్లు డాబా మీదో, వీధి చివరో రోజూ పది నిమిషాలు మౌనంగా నడవండి. తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్కో రోజు ఒక్కో శీలం మీ మాటల్లో చెప్పండి. ఐదు రోజుల్లో ఐదూ పూర్తవుతాయి. ఆరో రోజు వాళ్లనే చెప్పమనండి.