డ్రోన్ కన్నా ముందు దుబ్బు చూడు

పెనుగొండ

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. మీ డ్వాక్రా సంఘానికి డ్రోన్ వచ్చేలా ఉందనీ, శిక్షణకు నీ పేరు రాశారనీ, మీ నాన్న మాత్రం "మూడెకరాల చేనుకి విమానం దేనికే" అంటున్నాడనీ రాశావు. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి తగువు నన్ను తీర్చమన్నావు.

శిక్షణకు తప్పకుండా వెళ్ళు. 15 రోజులు కూర్చుని ఒక పని నేర్చుకునే వీలు మన పల్లెల్లో ఆడపిల్లలకు ఎప్పుడో గానీ దొరకదు. అయితే ఆ యంత్రం నీ మూడెకరాల కోసం కాదని ముందే తెలుసుకో. ఎకరానికి మందు కొట్టడానికి డ్రోన్‌కి పది నిమిషాలు చాలు. అంటే మీ చేను దానికి అరగంట పని. మిగతా రోజులన్నీ ఊరివాళ్ళ చేల మీద తిరిగితేనే దాని ఖర్చు అది రాబట్టుకుంటుంది. కేంద్రం ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు ఇచ్చినా, మిగిలిన సొమ్ము సంఘం నెత్తి మీదే ఉంటుంది. బ్యాటరీలు అరిగినప్పుడల్లా మార్చాలి. కాబట్టి డ్రోన్‌ని అద్దె వ్యాపారంగా లెక్క కట్టండి, సాగులో కలపొద్దు.

సాగు సంగతి వేరు. చిన్న కమతానికి మొదటి పెట్టుబడి చదువే అని నా అభిప్రాయం. యంత్రం ఎక్కడైనా అద్దెకు దొరుకుతుంది. చేలో ఏం జరుగుతోందో కనిపెట్టే చూపు మాత్రం ఎవరికి వాళ్ళు సంపాదించుకోవాల్సిందే.

వరిలో సుడిదోమనే తీసుకో. చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోయాక పరుగెత్తి మందు కొనేవాళ్ళే ఎక్కువ. అప్పటికే పుట్టి మునిగి ఉంటుంది. ఆ పురుగు ఆకు మీద కూర్చోదు, నీటికి కాస్త పైన దుబ్బు మొదట్లో ఉంటుంది. దుబ్బును పక్కకు వంచి అరచేత్తో తట్టు. గోధుమరంగు పురుగులు నీళ్ళలో పడతాయి. లెక్కపెట్టు. పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 దాటితేనే మందు. అంతకు తక్కువైతే ఆగు. ఆ లెక్కలోనే సాలీళ్ళనూ, దోమ గుడ్లను తినే పచ్చటి మిరిడ్ నల్లులనూ చూడు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే ముందు చచ్చేవి ఇవే. ఆ తర్వాత దోమను ఆపేవాళ్ళుండరు.

డ్రోన్‌కీ దీనికీ సంబంధం ఉంది. అది ఎకరాకు 10 లీటర్ల నీళ్ళతో సన్నటి తుంపరగా పైనుంచి చల్లుతుంది. సుడిదోమకైతే 200 లీటర్ల నీళ్ళతో మొదళ్ళు తడిసేలా కొట్టాలి. ఆకు మీది తెగులుకు డ్రోన్ బాగా పనికొస్తుంది, మొదట్లో దాక్కున్న దోమ దగ్గరికి మందు చేరకపోతే డబ్బు దండగ. ఇంకా మేలైన పని ఊడ్పులప్పుడే చేయొచ్చు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ ఆడి దోమ ఉధృతి తగ్గుతుంది. యూరియా అవసరానికి మించి వేయకు, దోమను పిలిచినట్టే.

ఈ చదువు నేర్పేది పొలంబడి. ఇండొనేషియాలో కూడా మందులు కొట్టినకొద్దీ సుడిదోమ పెరిగింది. ఆ ప్రభుత్వం 1986లో 57 రకాల పురుగుమందులను వరిలో వాడొద్దని నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులకు చేలోనే బడి పెట్టింది. ఆ పద్ధతే మన దగ్గర పొలంబడి అయింది. పాతిక ముప్పైమంది రైతులు పంటకాలమంతా వారానికో పూట ఒకే చేలో దిగి, మొక్కనూ పురుగునూ చూసి, బొమ్మ గీసి, మందు కావాలో వద్దో తామే తేల్చుకుంటారు. అక్కడ ఉపన్యాసానికి పని లేదు.

ఖరీదు లేని పనిముట్లు కూడా ఉన్నాయి. చేను ఆరనిచ్చి మళ్ళీ నీరు పెట్టే పద్ధతికి అడుగు పొడవు పైపు ముక్క చాలు. కింది సగానికి చిల్లులు పెట్టి, సగం భూమిలోకి దింపు. లోపల నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్ళీ తడి పెట్టు. పూత సమయంలో మాత్రం చేను ఆరనివ్వకు. చేలో నేరుగా విత్తే డ్రమ్ సీడర్ అద్దెకు తెచ్చుకుంటే ఆకుమడి పనీ ఊడ్పు కూలీ తప్పుతాయి, కోత వారం పదిరోజులు ముందుకొస్తుంది. కానీ చేను చదునుగా ఉండాలి, మొదట్లోనే కలుపు అదుపు చేయాలి. వానాకాలం సార్వాలో పెద్దవాన పడితే మొలక కొట్టుకుపోతుంది గనుక ముందు రబీ దాళ్వాలో వేసి చూడు.

వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడు మట్టి పరీక్ష చేయించు. 8–10 చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, దాని పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన మట్టి చెక్కు. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటపోగు ఉన్నచోట తీయకు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగుల్చుకుని నీడన ఆరబెట్టు. జింకు లోపమని తేలితే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకు.

కొత్తది ఏదొచ్చినా పాతిక సెంట్లలోనే మొదలుపెట్టు. అర లీటరు నానో యూరియా సీసా ఒక బస్తాకు సాటి అన్నారు. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైనే. ఆకు మీద కొట్టింది వేరేగా పనిచేస్తుందంటారు. సరే, పాతిక సెంట్లలో కొట్టి, పక్క మడిలో మామూలుగా వేసి, రెండు చోట్లా గింజ తూచు. ఖర్చూ దిగుబడీ పుస్తకంలో రాసుకో. అమ్మేవాడి మాటకన్నా నీ పుస్తకమే నీకు ప్రమాణం.

అనుమానం వస్తే ఉండి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మార్టేరు వరి పరిశోధన స్థానం ఉంది. చీడ పట్టిన దుబ్బును వేళ్ళతో పెరికి, సంచిలో వేసుకుని వెళ్ళు. ఫోనులో ఫొటో చూపిస్తే సగం సంగతే తెలుస్తుంది.

ఈ సార్వాకు పొలంబడిలో పేరు రాయించుకో. డ్రోన్ ఎగరేయడం వచ్చాక ఎవరైనా మందు కొట్టమని పిలిస్తే, ముందు వాళ్ళ చేలో దిగి పది దుబ్బులు తట్టి చూడు. అక్కర్లేదనిపిస్తే అక్కర్లేదనే చెప్పు. ఆ పూట కిరాయి పోతే పోయింది. వచ్చే పంటకు ఊరంతా నిన్నే పిలుస్తుంది.

ఇట్లు,
మీ మామయ్య