ఆ చెయ్యి ఇంతకుముందు ఏం పని చేసేదో అడుగు

ఎల్దుర్తి, మెదక్ జిల్లా



హైదరాబాదులో పెద్ద దవాఖానలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. నేను రిటైరై ఊరికి వచ్చేసినా ఈ పని నన్ను వదల్లేదు. ఎల్దుర్తిలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి కాలూ చెయ్యీ పడిపోయినా, దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినాక నాకు కబురు వస్తుంది. మనిషిని మంచాన పడుకోబెట్టుకుని, ఇప్పుడేం చేయాలో తెలియక చూస్తుంటారు. నువ్వు వార్డులో వాళ్లను కొన్నాళ్లే చూస్తావు. ఆ తర్వాతి ఏళ్లన్నీ ఇక్కడ గడుస్తాయి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోగి దగ్గరికి పోగానే ఆ చెయ్యి ఎంతవరకు లేస్తున్నదో కొలవాలనిపిస్తుంది. చదువులో మనకు నేర్పేది అదే. కానీ దానికంటే ముందు, ఆ చెయ్యి ఇంతకుముందు ఏం పని చేసేదో అడుగు. ఇంటికి పోయినాక ముందుగా ఏ పని చేసుకోవాలని ఉందో అడుగు. ఒకరు తన ముద్ద తాను తినాలంటారు. ఒకరు రాత్రిపూట కోడల్ని లేపకుండా బయటికి పోయి రావాలంటారు. ఒక ముసలాయన నాతో అన్నమాట, తన గోచి తాను పెట్టుకుంటే చాలని. ఆ జవాబులోంచే నీ చికిత్స మొదలవ్వాలి.

మనల్ని అందరూ ఫిజియోథెరపీ వాళ్లనే అనుకుంటారు. కోపం తెచ్చుకోకు, ఓపికగా చెప్పు. వాళ్లు కండకు బలం తెస్తారు, కీలును కదిలిస్తారు, మనిషిని నడిపిస్తారు. ఆ బలంతో ఆ మనిషి నీళ్లు పోసుకునేటట్టు, రవిక తొడుక్కునేటట్టు, తిరిగి తన పనిలో కూర్చునేటట్టు చేయడం మన వంతు. పాత చెయ్యి రాకపోతే ఉన్న చెయ్యితోనే ఆ పని ఎట్లా అవుతుందో చూపించడమూ మన వంతే.

ఈ వృత్తికి ఆక్యుపేషనల్ థెరపీ అని పేరు పెట్టిన జార్జ్ బార్టన్ డాక్టరు కాదు. అమెరికాలో ఇళ్ల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. ఎడమ పక్క పడిపోతే తోటపని, వడ్రంగం చేసుకుంటూ తన ఒంటిని తానే దారికి తెచ్చుకున్నాడు. 1917లో ఆయన ఇంట్లోనే అక్కడ ఈ వృత్తివాళ్ల తొలి సంఘం ఏర్పడింది. మన దేశానికి ఈ విద్యను తెచ్చింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, ఈ దేశపు కోడలై వచ్చి, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ చదువుకు బడి పెట్టారు. రెండేళ్లకే, 1952లో, ఈ వృత్తివాళ్ల ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మన దేశమూ ఒకటైంది. డెబ్భై ఏళ్లు దాటినా మన జిల్లాల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. ఆ కొరత నీలాంటి వాళ్లే తీర్చాలి.

ఇంకో సంగతి నువ్వు మనసులో పెట్టుకోవాలి. కుష్టు వ్యాధికి మన తెలంగాణలో పాత కాలం నుంచే వైద్యం ఉంది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ పెట్టిన కుష్టు దవాఖాన 1915 నాటిది. కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని కుముదినీ దేవి 1958లో స్థాపించారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం వెల్లూరు సంగతి. అక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో, కుష్టుతో వంకరపోయిన వేళ్లకు కండరాల తాళ్లు (టెండన్లు) మార్చి కట్టే ఆపరేషన్లు మొదలుపెట్టారు. వేళ్లు తెరుచుకున్నాయి, చేతులు పట్టు పట్టాయి. కానీ నయమై వెళ్లినవాళ్లు కొందరు దిగులుగా తిరిగొచ్చారు. వంకర చేతులతో అడుక్కున్నప్పుడు పడే పైసలు ఇప్పుడు పడటం లేదు. కుష్టు వచ్చిన మనిషని పని ఇచ్చేవాళ్లూ లేరు. చెయ్యి బాగైంది, బతుకు ఆగిపోయింది. అప్పుడు ఆయన అక్కడి వైద్య కళాశాల ఆవరణలోనే ఒక చిన్న పల్లెలాంటిది కట్టించి, వడ్రంగం, బొమ్మలు చేయడం నేర్పించారు. తిమ్మిరెక్కిన వేళ్లకు గాయం కాకుండా పనిముట్టు ఎట్లా పట్టాలో కూడా అక్కడే నేర్పారు. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆగిపోయుంటే ఆయన శ్రమ సగం వృథా అయ్యేది.

అదే వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆ చేతుల ఆపరేషన్లు చేశారు. తర్వాత అమెరికా పోయి పునరావాస వైద్యం చదివి వచ్చారు. ఆమె ఆధ్వర్యంలోనే 1966లో అక్కడి పునరావాస కేంద్రం తెరుచుకుంది. నీ వార్డుకు తూప్రాన్, మాసాయిపేట వైపు నుంచి, 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి పడి వెన్నుపూస దెబ్బతిన్న పిల్లగాళ్లు వస్తారు. ఇరవై ఏళ్ల పిల్లగానికి ఇంక ఏముంది అని తండ్రి గోడవైపు తిరిగి ఏడుస్తాడు. అప్పుడు ఆమె సంగతి చెప్పు. దాంతోపాటే కుర్చీలో కూర్చున్నప్పుడు పదిహేను ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద లేచి పిరుదుల మీది బరువు తీయడం, అద్దం పెట్టుకుని తన చర్మం తాను చూసుకోవడం ఆ పిల్లగానికే నేర్పు, తండ్రికి కాదు. పుండు పడితే నెలల తరబడి మళ్లీ మంచమే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. దవాఖాన మంచం ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. దాని మీంచి లేచిన మనిషి ఇంటికొచ్చి నవారు మంచంలో కూలబడితే లేవలేడు. నవారు బిగించి కట్టమని, కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయమని చెప్పు. పాయిఖానా వాకిట్లో ఒక మూలకు ఉంటుంది. నడుమ గడప, రెండు మెట్లు, తడిసిన షాబాద్ బండలు. గొంతుక్కూర్చునే దొడ్డి అయితే నడుమ రంధ్రం ఉన్న కుర్చీ కావాలి, గోడకు జీఐ పైపు ముక్క పట్టుకోవడానికి కావాలి. ఊళ్లో మేస్త్రీ ఒక పూటలో బిగిస్తాడు. కానీ ఏ ఎత్తులో, ఏ పక్కన అన్నది నువ్వే చెప్పాలి. రోగి కొడుకును ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీసుకుని రమ్మను. గడప ఎత్తు, దర్వాజ వెడల్పు టేపుతో కొలిచి రాసుకు రమ్మను. చక్రాల కుర్చీ కొన్నాక అది దర్వాజలో పట్టలేదని తెలిస్తే ఏం లాభం?

రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే, 1965లో అచ్చయిన బార్తెల్ సూచిక నువ్వు రోజూ నింపుతావు. పది అంశాలు, నూటికి మార్కులు. మంచి కొలమానమే. కానీ అందులో నేల మీద కూర్చుని లేవడం లేదు. తొంభై మార్కులొచ్చిన మనిషి కూడా నలుగురితో కింద కూర్చుని తినలేక పెళ్లిళ్లకు పోవడం మానేస్తాడు. ఆ కాగితం పక్కన నీ సొంత కాగితం ఒకటి పెట్టుకో.

కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమ పక్క లోకమే ఉండదు. కంచంలో ఎడమ సగం అన్నం అట్లాగే మిగులుతుంది. ఆకలి లేదనో, మొండితనమనో ఇంట్లో అనుకుంటారు. కంటిచూపు బాగానే ఉంటుంది, మెదడే ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. కంచం ఎడమ అంచుకు ఎర్రగుడ్డ కట్టమను. మాట్లాడేవాళ్లను ఎడమ పక్కన కూర్చోమను. ఇది రోగం అని ఒక్కసారి వివరంగా చెప్తే, ఆ ఇంట్లో రోజూ అయ్యే కొట్లాట ఆగుతుంది.

పక్క ఊళ్లో ఒక బీడీ కార్మికురాలికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. దవాఖానలో ఆమెకు బంతి పిసకడం, చిల్లుల పలకలో గూటాలు పెట్టడం నేర్పారు. నాలుగు రోజులు చేసి మానేసింది. నేను పోయి చాటలో తునికాకు, తంబాకు బదులు తవుడు పెట్టాను. ఆకు కత్తిరించడం, రెండు చేతుల నడుమ చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. వేళ్ల కొసలకు ఇంతకంటే మంచి కసరత్తు ఏ డబ్బాలోనూ లేదు. మొదట్లో ఒక్కటీ నిలవలేదు. అయినా చాట ముందు నుంచి లేవలేదు, ఎందుకంటే ఆ పని ఆమెది. మళ్లీ తంబాకుతో చుడితే ఆ దుమ్ము ఆమె ఒంటికి మంచిది కాదని నాకు తెలుసు, ఆమెకూ చెప్పాను. పాత వేగం రాలేదు. కానీ బీడీలు చుట్టిన వేళ్లతోనే తర్వాత రవిక హుక్కులు పెట్టుకుంది, కూరగాయలు కోసింది. ఇప్పుడు బీడీ పింఛను వస్తున్నది, ఆమె చుట్టడం మానేసింది. అది ఆమె నిర్ణయం. నేను మానిపించలేదు.

మన ఇళ్లలో ప్రేమ చాలా ఎక్కువ బిడ్డా. అత్తమ్మ చెయ్యి ఎత్తేలోపే కోడలు ముద్ద నోట్లో పెడుతుంది. పెట్టకపోతే వాడకట్టు ఏమంటుందోనని భయం. ఆ కోడలితో కఠినంగా మాట్లాడకు, ఆమె చేస్తున్నది సేవే. పక్కన కూర్చుని చూపించు: కంచం జారకుండా కింద తడిగుడ్డ వేయాలి, చెంచా పిడికి సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయాలి, అంగీ తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని గుంజొద్దు, భుజం కీలు జారుతుంది. సగం ముద్ద కింద పడినా అత్తమ్మే తినాలి, దానికి గంట పట్టినా సరే. ఇదంతా అత్తమ్మ ముందే చెప్పు. అప్పుడు కోడలి మీద నింద పడదు.

పక్షవాతానికి పావురం మాంసం పెట్టాలని, పసరు మందు తాగించాలని ఎవరో ఒకరు చెప్తారు. నవ్వితే వాళ్లు నీకు ఇంకేదీ చెప్పరు. వండిన మాంసం తింటే తిననీ, బీపీ గోళీలు మాత్రం ఒక్కపూట కూడా ఆపొద్దని ఒట్టు వేయించుకో. పచ్చి నెత్తురు పూయడం, పసరు తాగించడం వద్దని గట్టిగా చెప్పు. నూనె రాసి మర్దన చేసేవాడు చెయ్యి మెలిపెట్టకుండా చూడమను.

వార్డు వదిలే ముందు వైకల్య సర్టిఫికెట్ సంగతి, దివ్యాంగుల పింఛను సంగతి చెప్పడం మర్చిపోకు. చిన్నపిల్లలైతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం పేరు చెప్పు. ఇవి చదువులో చెప్పరు.

ఇంటికి పంపేటప్పుడు చేసే పనులన్నీ ఒక్క కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసివ్వు. చదవలేనివాళ్లకు బొమ్మలు గీయి. ఆ కాగితం డిశ్చార్జి మీద సంతకం పెట్టే కొడుక్కి ఇవ్వకు, అతడు ఫైల్లో పెట్టేస్తాడు. రోజూ దగ్గరుండి చూసుకునే మనిషి ఎవరో కనుక్కుని ఆమె చేతికివ్వు. మళ్లీ రావాల్సిన తేదీ అందులో తప్పకుండా రాయి. మంచిగైతే రాకున్నా ఫర్వాలేదనుకుంటారు, మంచిగ కాకపోతే వచ్చి లాభమేమిటనుకుంటారు. తేదీ రాసి ఉంటే మాత్రం వస్తారు. మెదక్, రామాయంపేట, నర్సాపూర్ వైపు వాళ్లయితే నా నంబరు కూడా ఆ కాగితం కింద రాసివ్వు. బస్సెక్కి పోయి చూసొస్తాను, ఏం చూశానో నీకు ఫోన్ చేసి చెప్తాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ