వృద్ధుల సేవలో కొలువు: ఉన్నది ఉన్నట్టు రాయడమే అసలు నైపుణ్యం

వృద్ధుల సేవారంగంలో ఉద్యోగాలంటే నర్సు, ఫిజియోథెరపిస్టు, ఇంటి దగ్గర చూసుకునే కేర్‌టేకర్ వరకే చాలామందికి తోస్తుంది. వాళ్లు ఎవరింటికి వెళ్లాలి, ఎవరికి ముందు వెళ్లాలి, వెళ్లినందువల్ల మేలు జరిగిందా లేదా అన్నది తేల్చే పని మరొకటుంది. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వివరాలు కనుక్కోవడం, వాటిని నమోదు చేయడం, అందిన సేవను లెక్కగట్టి నివేదిక పంపడం ఆ పని. స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ పథకాల్లో, హోమ్‌కేర్ కంపెనీల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, కేస్ వర్కర్, ఎంఐఎస్ (సమాచార నిర్వహణ) కోఆర్డినేటర్, మానిటరింగ్ ఆఫీసర్ అన్న పేర్లతో ఈ కొలువులు కనిపిస్తుంటాయి. డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ‘డేటా ఎంట్రీయే కదా’ అని వీటిని తీసిపారేస్తుంటారు. నిజానికి టైపింగ్ ఇందులో చిన్న భాగం. ప్రతి వివరం పక్కనా అది ఎలా తెలిసిందో రాయగలగడం, తెలియనిదాన్ని ఊహించి నింపకుండా తెలియదనే రాయగలగడం దీనికి ప్రాణం. ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు తక్కువ. ఈ రంగంలో నిలదొక్కుకోవాలనుకునేవాళ్లు ముందుగా సాధించాల్సింది అదేనని నా వాదన.

ఒక్క గడి మీద ఆధారపడిన హక్కులు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవాళ్లు దాదాపు 10 కోట్ల 38 లక్షల మంది. 2050 నాటికి జనాభాలో 20.8 శాతం, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులే ఉంటారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ (ఐఐపీఎస్) కలిసి 2023లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. 2011 తర్వాతి జనగణన 2027కు చేరడంతో, ఇన్నేళ్లూ ఏ ఊళ్లో ఎంతమంది పెద్దవాళ్లున్నారో, ఎవరి పరిస్థితి ఏమిటో చెప్పగలిగినవి క్షేత్రస్థాయి రికార్డులూ సర్వేలే. పథకాలన్నీ వాటిమీదే నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు రూ.4,000 అయిన వృద్ధాప్య పింఛను, 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ కింద కల్పించిన రూ.5 లక్షల వైద్య భరోసా... రెండింటికీ మొదటి అర్హత వయసే. ఆ ఒక్క గడిలో పడిన అంకె తప్పయితే, వెనక ఎన్ని ఆసుపత్రులు, ఎంత బడ్జెట్ ఉన్నా ఆ మనిషికి అందవు.

వయసు రాయడం ఏమంత కష్టమనిపించవచ్చు. మన ప్రాంతంలో బడి ముఖం చూడని పెద్దల తరం ఇంకా ఉంది. వాళ్ల పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. అడిగితే ‘అరవై ఉంటాయేమో’, ‘డెబ్బై అనుకో నాయనా’ అంటారు. అందుకే జనాభా లెక్కల్లో 60, 65, 70 దగ్గర జనం గుట్టపడినట్టు, 61, 67 దగ్గర పలచబడినట్టు కనిపిస్తుంది. ఆధార్ నమోదులో పత్రాలు లేనివాళ్లు నోటితో చెప్పిన వయసును బట్టి పుట్టిన సంవత్సరం లెక్కగట్టడంతో, ఎంతోమంది పెద్దల కార్డుల్లో జనవరి 1 పుట్టినరోజుగా ఉండిపోయింది. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా వైద్య భరోసాకు చూసేది ఆ కార్డులోని వయసునే. నిజంగా 72 ఏళ్లున్న అవ్వకు కార్డులో 66 పడితే ఆమెకు ఆ భరోసా లేనట్టే.

పని తెలిసిన ఇన్వెస్టిగేటర్ ఇక్కడ ‘మీకెన్నేళ్లు?’ అన్న ప్రశ్నతో ఆగడు. ఊరికంతటికీ గుర్తున్న ఘటనలను ఆసరా చేసుకుంటాడు. తెలంగాణలో 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య, 1969 ఉద్యమం, కృష్ణా తీరంలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన అలాంటివి. ‘ఉప్పెన నాటికి మా పెద్దోడు చంకలో ఉన్నాడు’ అని ఒకావిడ అంటే, ఆ బిడ్డ 1976 ప్రాంతంలో పుట్టినట్టు. కాపరానికి వచ్చిన ఎన్నాళ్లకు కాన్పయిందో, పెళ్లినాటికి తాను ఎంత పిల్లో అడిగితే, తొలికాన్పు నాటికి 18–20 ఏళ్లని తేలిందనుకుందాం. అప్పుడామె పుట్టింది 1956–58 మధ్య. మంచి రికార్డులో ఇది మూడు ముక్కలుగా ఉంటుంది: ఆధార్‌లో ఉన్న వయసు, అంచనా వేసిన వయసు, ఆ అంచనాకు ఆధారం. మూడూ ఉంటే తేదీ సవరణకు ఎవరిని పంపాలో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. ఒక్కటే ఉంటే తప్పున్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

అడిగే తీరును బట్టే జవాబు

‘మీ పని మీరు చేసుకోగలుగుతున్నారా?’ అన్నది వృద్ధుల సేవలన్నిటికీ కీలకమైన ప్రశ్న. ఆశా కార్యకర్తలు ఇంటింటా నింపే ఆరోగ్య మదింపు ఫారం (సీబ్యాక్)లో 60 ఏళ్లు పైబడినవాళ్లకు విడిగా ప్రశ్నలున్నాయి: నిలబడినా నడిచినా తూలుతున్నారా, తినడానికి, బట్టలు కట్టుకోవడానికి, స్నానానికి ఇంకొకరి సాయం కావాలా, దగ్గరివాళ్ల పేర్లో ఇంటి చిరునామానో మరిచిపోతున్నారా అని. స్నానం సంగతే చూడండి. ‘ఆ, నేనే చేసుకుంటా’ అంటుంది పెద్దావిడ. నీళ్లు కాచి, బకెట్ తెచ్చిపెట్టి, పీట వేసి, జారకుండా చేయి పట్టుకునేది కోడలు. ఆ మాట పట్టుకుని ‘సాయం అక్కర్లేదు’ అని టిక్కు పెడితే, కోడలు పుట్టింటికి వెళ్లిన వారం ఆమె బాత్రూంలో జారిపడే ప్రమాదాన్ని రికార్డు దాచేసినట్టే. ‘నిన్న స్నానానికి నీళ్లు ఎవరు పెట్టారు?’ అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. వంట ప్రశ్నలో చిక్కు మరో రకం. ‘వంట చేసుకోలేరు’ అని రాసిన చాలామంది మగవాళ్లకు కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. జన్మలో పొయ్యి ముట్టించలేదంతే. చేయలేకపోవడాన్నీ, ఎన్నడూ చేయకపోవడాన్నీ ఒకే గడిలో వేస్తే వైకల్యం లెక్క మొత్తం వక్రిస్తుంది.

జవాబు ఎవరిచ్చారన్నదీ అంతే ముఖ్యం. తల్లి పక్కన కొడుకు కూర్చుని అన్నిటికీ తానే చెబుతుంటే, ఇంట్లో బాగా చూసుకుంటున్నారా అన్న ప్రశ్నకు వచ్చే ‘బాగానే ఉంది’కి విలువ తక్కువ. హైదరాబాద్‌లో 2017లో మొదలై, 2021లో దేశమంతటికీ 14567 నంబరుగా విస్తరించిన వృద్ధుల హెల్ప్‌లైన్ ‘ఎల్డర్‌లైన్’ లాంటి సేవల్లో ఈ తెలివి మరీ అవసరం. పింఛను రావడం లేదని ఫోన్ చేసిన మనిషి డబ్బు మరొకరి చేతిలో పడుతుండవచ్చు. దాన్ని ‘పింఛను సమాచారం’ అని నమోదు చేస్తే వాళ్లకు ఆఫీసు చిరునామా అందుతుంది. వేధింపు అని గుర్తిస్తే కేస్ వర్కర్ ఇంటికి వెళ్తాడు. ఇక నివేదిక దగ్గరికి వస్తే, కంటి శిబిరానికీ బీపీ శిబిరానికీ వచ్చిన ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టడం తరచూ జరిగే పొరపాటు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిషులో ఒకరు ‘కెఎస్‌హెచ్’తో, ఇంకొకరు ‘ఎక్స్’తో రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట పొడి అక్షరమవుతుంది, మరోచోట పుట్టింటిదే మిగిలిపోతుంది. ఎంతమందికి సేవ అందింది, ఎన్నిసార్లు అందింది అన్నవి వేర్వేరు లెక్కలని తెలిసి, రెండిటినీ విడివిడిగా చూపగలిగినవాడే నమ్మదగిన ఎంఐఎస్ ఉద్యోగి.

జాగ్రత్తగా రాసిన వివరం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి హైదరాబాద్‌లోనే రుజువుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్లలో, ఒకే భాష వచ్చినవాళ్ల కంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని తేలింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించడం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఏ భాషలు మాట్లాడతారు, ఎంతవరకు చదివారు, ఏ పని చేశారు, లక్షణం మొదట ఎప్పుడు కనిపించింది... ఈ అధ్యయనం నిలబడింది ఇలాంటి మామూలు ప్రశ్నల జవాబుల మీదే. ‘చదువు’ గడిని, ‘మొదలైన వయసు’ గడిని ఎవరైనా ఉజ్జాయింపుగా నింపి ఉంటే ఆ ఫలితం తేలేదే కాదు.

ఎదురయ్యే అభ్యంతరాలు

కృత్రిమ మేధ వచ్చాక ఈ ఉద్యోగాలు మిగులుతాయా అన్నది విద్యార్థుల మొదటి సందేహం. కాగితం చూసి కంప్యూటర్లో కొట్టే పని తగ్గిపోతుంది, అందులో దాపరికం అక్కర్లేదు. మాటను అక్షరంగా మార్చడం, పొంతన లేని అంకెను పట్టుకోవడం యంత్రం చేసేస్తుంది. కానీ జవాబు చెప్పింది తల్లో కొడుకో, ‘బాగానే ఉంది’ అనేముందు ఆమె ఎవరి ముఖం చూసిందో రికార్డులోకి ఎక్కకపోతే యంత్రానికి తెలిసే దారి లేదు. పైగా తప్పుడు వివరం మీద యంత్రం నిర్ణయం తీసుకుంటే ఆ తప్పు ఒక ఊరితో ఆగదు. కాబట్టి మొదటి వివరం దగ్గరే నిజం రాబట్టే మనిషికి గిరాకీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

రెండో అభ్యంతరం ఫీల్డులో పనిచేసేవాళ్లది, బరువైనది కూడా. రోజుకు ఇన్ని ఇళ్లని టార్గెట్ ఉంటుంది, యాప్‌లో గడి ఖాళీగా ఉంటే తర్వాతి పేజీ తెరుచుకోదు, ఇంకేం చేస్తామంటారు. నిజమే, అలాంటి ఫారమే అబద్ధం రాయిస్తుంది. అయితే దానికి మందు ఉంది. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ గుర్తింపున్న నర్సింగ్ హోములన్నీ ఎండీఎస్ అనే మదింపును ప్రతి నివాసికీ నింపి ప్రభుత్వానికి పంపాలి. రోజువారీ పనుల గురించి అందులో అడిగేటప్పుడు మనిషి మామూలుగా ఎలా చేస్తున్నారన్నదే చూస్తారు. చేయలేదంటే నిరాకరించారా, అనారోగ్యం వల్ల ప్రయత్నించలేదా, ఇంతకుముందూ చేసేవారు కాదా అన్నదానికి వేర్వేరు కోడ్‌లున్నాయి. ‘తెలియదు’, ‘చెప్పడానికి ఇష్టపడలేదు’, ‘అడగడం కుదరలేదు’ అన్న మూడు కోడ్‌లు మన ఫారాల్లోనూ చేర్చమని ఉద్యోగి అడగవచ్చు, అడగాలి. నింపినవాటిలో కొన్నిటిని సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి సరిచూసే ఏర్పాటుంటే, తొందరపడి నింపిన ఫారానికి రెండుసార్లు ఖర్చవుతుందని సంస్థకూ అర్థమవుతుంది.

రాతకోతల్లో పడి సేవ చేసే సమయం పోతోందని, పెద్దవాళ్లను ఇన్ని ప్రశ్నలతో విసిగించడం మర్యాద కాదని అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో న్యాయముంది. అందుకే ప్రతి ప్రశ్నకూ ‘ఈ జవాబుతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు?’ అన్న పరీక్ష పెట్టాలి. ఆ పరీక్షకు నిలవని ప్రశ్నను తీసేయాలి. సేకరించిన దాని గోప్యత కూడా కచ్చితత్వంలో భాగమే. సమ్మతి కోరే నోటీసును తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కల్పించింది. తన మాట పక్కింటికి పోదని నమ్మకం కుదిరిన పెద్దావిడే నిజం చెబుతుంది.

ఇక జీతం. మొదట్లో తక్కువే, చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే. ఆ సంగతి తెలిసే రావాలి. ఫీల్డు అనుభవానికి గణాంకశాస్త్రం తోడైనవాళ్లు మాత్రం మానిటరింగ్, పరిశోధన, ప్రోగ్రాం నిర్వహణ వైపు ఎదగగలుగుతారు.

ఎలా సిద్ధమవ్వాలి?

సోషల్ వర్క్, స్టాటిస్టిక్స్, నర్సింగ్, సైకాలజీ, ఎకనామిక్స్ చదివినవాళ్లందరికీ ఇందులో చోటుంది. జనాభా అధ్యయనంలో పైచదువులకు ముంబయి ఐఐపీఎస్ పేరున్న సంస్థ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ (ఎన్‌ఐఎస్‌డీ) వృద్ధుల సంరక్షణలో శిక్షణ ఇస్తుంది. ఎక్సెల్‌లో డూప్లికేట్లు పట్టడం, కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత సాధనంలో ప్రశ్నావళి తయారుచేయడం, ఆర్‌లోనో ఎస్‌పీఎస్‌ఎస్‌లోనో పట్టికలు తీయడం కొన్ని నెలల సాధనతో వస్తాయి. 2017–18లో మొదటి విడత జరిగిన దేశవ్యాప్త వృద్ధాప్య సర్వే ‘లాసీ’ని ఐఐపీఎస్ నిర్వహించింది. 45 ఏళ్లు పైబడినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలు అందులో ఉన్నాయి. దాని డేటాను దరఖాస్తు చేసుకుని పొందవచ్చు. నోటిమాటతో సరిపెట్టకుండా బీపీ, చేతి పట్టు బలం, చూపు కూడా కొలిచారు. చెప్పినదానికీ కొలిచినదానికీ తేడా ఎంతుందో స్వయంగా పట్టిక వేసి చూడటం కంటే మంచి పాఠం ఉండదు.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీరూ రెండు ప్రశ్నలడగండి: మీ ఫారంలో ‘తెలియదు’ అని రాసే వీలుందా? మేం పంపే నివేదిక చదివి ఎవరు ఏం మారుస్తారు? సూటిగా జవాబిచ్చే సంస్థలో జీతం కాస్త తక్కువైనా చేరవచ్చు, పని నేర్పేది అదే. తడబడే సంస్థలో చేరాల్సివస్తే, ఆ రెండు మార్పులూ అక్కడ తేవడమే మీ మొదటి లక్ష్యంగా పెట్టుకోండి. తమ వివరం తప్పుగా నమోదైందని పెద్దవాళ్లకు చాలాసార్లు తెలియదు, తెలిసినా ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. వాళ్ల తరఫున సరిగ్గా రాయగలిగే అవకాశం ఉన్నది ఆ ఫారం చేతిలో పట్టుకున్న మీకే. ఆ బాధ్యతకు తగ్గట్టు తయారైనవాళ్లకు ఈ రంగంలో పనికి కొదవుండదు.