గురి తప్పేది చెయ్యా, తుపాకీయా?

రొయ్యల ధర నిలబడి, పట్టుబడి డబ్బు చేతికొచ్చిన ఇంట్లో ఏదో ఒక పెద్ద కొనుగోలు మాట లేవడం గణపవరం వైపు మామూలే. కారు, ఏసీ, మేడ మీద మరో అంతస్తు. వీటి ధర సమంజసమో కాదో చెప్పేవాళ్లు నిడమర్రు నుంచి తాడేపల్లిగూడెం దాకా వీధికి పదిమంది దొరుకుతారు. కానీ కొడుకు వచ్చి, "నాన్నా, నాకు మ్యాచ్ ఎయిర్ రైఫిల్ కావాలి. మూడు లక్షలవుతుంది" అంటే? కొల్లేటి పక్షుల్ని చూడ్డానికి రెండు లక్షల బైనాక్యులర్ కావాలని కూతురు అడిగితే? ఆ తండ్రికి సలహా చెప్పేవాళ్లు ఊళ్లో దొరకరు. కొనిస్తే గారాబం చేస్తున్నామేమోనన్న అనుమానం, కాదంటే పిల్లల దారికి అడ్డం పడ్డామన్న బెంగ. రెండింటి మధ్యా నలిగి, చివరికి అమ్మేవాడు చెప్పిందే నమ్ముతాడు.

నమ్మక్కర్లేదు. ఆ డబ్బుకు తగ్గ ప్రయోజనం ఉందో లేదో కొలిచి చూసుకోవచ్చు.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీనే తీసుకోండి. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. టార్గెట్ నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్ ఆ చుక్క అంచును తాకితే చాలు, పది వస్తుంది. అంటే కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగినా 10.0 దక్కుతుంది. ఐదు జరిగితే 9.0, ఏడున్నర జరిగితే 8.0. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ లాంటి పేరున్న జర్మన్ కంపెనీలు రైఫిల్‌ను బిగింపులో పెట్టి కాల్చిన టెస్ట్ కార్డును కొత్త రైఫిల్‌తో పాటే ఇస్తాయి. ఆ కార్డు మీద వరసగా పేల్చిన పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి దూరినట్టు కనిపిస్తాయి. రైఫిల్ తనంతట తాను చేసే తప్పు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుందన్నమాట.

ఇప్పుడు మీ అబ్బాయి నిన్న కాల్చిన కాగితం తీసి చూడండి. ఎనిమిది, పది, తొమ్మిది, మళ్లీ ఎనిమిది. అంటే పెల్లెట్ ఏడు మిల్లీమీటర్ల దాకా పక్కకు పోతోంది. అందులో రైఫిల్ వాటా మహా అయితే ఒకటి, అకాడమీలో ఇచ్చిన పాత రైఫిలైతే ఇంకాస్త ఎక్కువ. మిగిలినదంతా భుజం, ఊపిరి, ట్రిగ్గర్ మీది వేలు, నిలబడే తీరు చేసే తప్పే. మూడు లక్షలు పోసి ఆ ఒక్క మిల్లీమీటరును తగ్గించినా కాగితం మీద కనిపించే మార్పు దాదాపు ఏమీ ఉండదు. పెల్లెట్ లేకుండా, గోడ మీద చుక్క అతికించుకుని రోజూ అరగంట గురి నిలిపే అభ్యాసానికి పైసా ఖర్చు లేదు. అది మిగతా ఆరు మిల్లీమీటర్లలో ఎంతో కొంత తప్పకుండా తగ్గిస్తుంది.

ఇంకా నిక్కచ్చిగా తెలుసుకోవాలంటే ఒక మార్గం ఉంది. అబ్బాయి వాడే రైఫిల్‌నే కోచ్ చేతికివ్వండి. అవే పెల్లెట్లు, అదే టార్గెట్, పది షాట్లు. కోచ్ పది చుట్టూ చిన్న గుంపు పెట్టగలిగితే ఆ రైఫిల్ మీ వాడికి ఇంకా చాలా కాలం సరిపోతుంది. కోచ్ చేతిలోనూ పెల్లెట్లు చెదిరితే అప్పుడు రైఫిల్‌ని అనుమానించండి. దానికి ముందు పెల్లెట్ల డబ్బా మార్చి చూడండి. ఒకే కంపెనీ పెల్లెట్లు ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ తేడాగా పోతాయి. ఏ రైఫిల్‌కు ఏ లాట్ కుదురుతుందో పేల్చి చూసుకోవడం పోటీదారుల్లో అందరూ చేసే పని. లక్షల్లో ఉందనుకున్న జబ్బు కొన్ని వందలతో నయం కావచ్చు.

గుంపు ఆకారం కూడా మాట్లాడుతుంది. చిన్న గుంపు పక్కన ఎక్కడో పడితే రైఫిల్ మీద గురి చూసే సైట్లు సరిచెయ్యాలి. పెద్ద గుంపు మధ్య చుట్టూ పరుచుకుంటే మనిషిని సరిచెయ్యాలి. ఈ తేడా చదవడం పద్నాలుగేళ్ల పిల్లకు కూడా వారంలో వచ్చేస్తుంది. ఒకసారి వచ్చాక, చదువులోనైనా ఉద్యోగంలోనైనా "నా పరికరం మంచిది కాదు" అనే మాట తేలిగ్గా నోట రాదు.

ఈ చదువు ఎంత దూరం పనికొస్తుందో 2008 ఆగస్టులో బీజింగ్‌లో దేశం చూసింది. ఒలింపిక్ ఫైనల్‌కు ముందు ట్రయల్ షాట్లలో అభినవ్ బింద్రా గురి అమాంతం తప్పింది. అది తన చేతి పని కాదని అతను గుర్తించాడు. ఎందుకంటే తన చేయి ఎంత తప్పుతుందో ఏళ్ల తరబడి కొలిచి పెట్టుకున్నాడు. సైట్లు సవరించుకుని ఫైనల్లోకి వెళ్లాడు. చివరి షాట్ 10.8, మొత్తం 700.5, స్వర్ణం. తన తప్పు పరిమాణం తెలియని వాడైతే ఆ కొద్ది నిమిషాల్లో చేతిని అనుమానించి, బాగున్న భంగిమను కూడా చెడగొట్టుకునేవాడు.

మరి ఖరీదైన రైఫిల్ ఎవరికీ అక్కర్లేదా? కావాలి, కావలసిన వాళ్లకు తప్పనిసరిగా కావాలి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో అర్హత పోటీలో 600కి 598 చేశాడు, ఫైనల్ కలిపి 701.1తో కాంస్యం గెలిచాడు. స్వర్ణం వచ్చిన అలిన్ మోల్దోవెయాను స్కోరు 702.1. డెబ్బై షాట్ల మీద తేడా ఒకే ఒక్క పాయింటు! అక్కడ అర మిల్లీమీటరుకు కూడా ధర కట్టాల్సిందే. నారంగ్ తల్లిదండ్రులు స్థలం అమ్మి రైఫిల్ కొనిచ్చారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కథ మన ఇళ్లలో చాలాసార్లు తలకిందులుగా అర్థమవుతోంది. స్థలం అమ్మితే పతకం వస్తుందన్నట్టు చెప్పుకుంటున్నాం. అదే నారంగ్ 2011లో గన్ ఫర్ గ్లోరీ అకాడమీ మొదలుపెట్టాడు. అలాంటి అకాడమీల్లో కొత్తగా చేరిన పిల్లలు అక్కడి రైఫిళ్లతోనే మొదలుపెడతారు. ఎకరం అమ్మే ముందు ఆ మెట్టు ఎక్కి చూడండి.

ఇక కొలత తీసి చేయించే తుపాకుల సంగతి. 1814లో లండన్‌లో మొదలైన పర్డీ లాంటి సంస్థలకు మన సంస్థానాధీశులు కూడా ఆర్డర్లు ఇచ్చేవారు. అక్కడ తుపాకీ తయారీకి ముందు మనిషిని కొలుస్తారు. ఎటు కావాలంటే అటు జరిగే చెక్కతో ఒక కొలత తుపాకీ ఉంటుంది. దాన్ని భుజానికి ఎత్తించి చెయ్యి పొడవు, మెడ వంపు, చెంప ఆనే ఎత్తు చూసుకుంటారు. ఆ ఖర్చు నిజమైన ఖర్చు. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనితే కన్ను ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది, గురి కుదురుతుంది. ఇక ఇనుము మీద చెక్కిన పూలు, వాల్‌నట్ చెక్క మీద మెరిసే చారలు? అవి అందం. అందానికి డబ్బు పెట్టడం తప్పు కాదు. కానీ దాన్ని గురి ఖాతాలో రాయకండి. ఏ ఖరీదైన వస్తువు బిల్లునైనా ఇలా రెండు ముక్కలు చేసి చదవండి. పని చేసే భాగం ఎంత, చూసుకునే భాగం ఎంత?

ఎదిగే పిల్లలకైతే కొలత తీసి చేయించడమే పొరపాటు. పదమూడేళ్ల వాడి భుజానికి ఇవాళ అతికినట్టున్న స్టాక్ రెండేళ్లలో పొట్టిదవుతుంది. బట్, చెంప ఆనే భాగం రెండూ జరుపుకోగలిగే మామూలు మ్యాచ్ రైఫిల్ చాలు. షూటింగ్ జాకెట్‌కూ ఇదే మాట. ఇంకొకటి, ఎవరైనా పోటీ రైఫిల్ మీదకు టెలిస్కోప్ కూడా అంటగట్టబోతే లేచి వచ్చేయండి. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో పెద్దది చేసి చూపించే అద్దాలకు అనుమతి లేదు.

అద్దాలు అక్కరకొచ్చేది కొల్లేటి గట్టు మీద.

కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. కైకలూరు దగ్గరి ఆటపాకలో పెలికాన్లు, మన గూడబాతులు, చెట్ల మీద కాపురం పెడతాయి. వాటిని చూడాలన్న ఆశ ఇంట్లో ఎవరికైనా కలిగితే దాన్ని కాపాడండి. అయితే ఏ బైనాక్యులర్? పెట్టె మీద 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. 42ను 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు కడ్డీ వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. జేబులో పట్టే 8×25కు అది మూడు పైచిలుకే. తెల్లవారుజామున, మునిమాపున పక్షులు కదిలే వేళ ఆ తేడా కళ్లకు కడుతుంది. 12 రెట్లు, 16 రెట్లు అని ఊరించేవి పడవలో పనికిరావు. పక్షితో పాటు మన చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. మధ్యాహ్నం నీటి మీద ఎండ సెగ లేస్తే ఎంత ఖరీదైన అద్దమైనా ఆ అలల్నే పెద్దవి చేసి చూపిస్తుంది. పుష్యమాసపు మంచును చీల్చే అద్దం ఏ దేశంలోనూ తయారు కాలేదు.

పది, పదిహేను వేలలో వచ్చే మంచి 8×42తో గూడబాతునీ ఎర్రకాళ్ల కొంగనీ హాయిగా గుర్తుపట్టవచ్చు. రెండు లక్షల స్వరోవ్‌స్కీ, జైస్ అదనంగా ఏమిస్తాయి? అంచుల దాకా స్పష్టత, తెల్లని ఆకాశం ముందు నల్లని పక్షి చుట్టూ రంగు గీత రాకపోవడం, మూడు గంటలు చూసినా కళ్లు లాగకపోవడం. ఇవన్నీ నిజమైన లాభాలే. కాకపోతే అవి ఎవరికి దక్కుతాయి? ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల లెక్కింపు కోసం గట్ల వెంట తిరిగే వాళ్లకు, పర్యాటకులకు పక్షుల్ని చూపించి బతికే వాళ్లకు. ఏడాదికి 200 రోజులు, పదేళ్లు వాడితే రెండు లక్షల అద్దం రోజుకు వంద రూపాయలు. సంక్రాంతికి మాత్రమే బయటికి తీసేదైతే అదే అద్దం ఒక్కో పండక్కి ఇరవై వేలు. కొనేముందు ఈ భాగహారం కాగితం మీద వేయండి. ఆశపడిన రోజులు కాదు, గత ఏడాది నిజంగా గట్టుకు వెళ్లిన రోజులు లెక్కలోకి తీసుకోండి.

మన తడి గాలికి అద్దాల లోపల బూజు పడుతుంది. నైట్రోజన్ నింపి, నీరు చొరకుండా మూసినదే కొనండి, సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచండి. ఈ జాగ్రత్త తీసుకోని ఇంట్లో రెండు లక్షల వస్తువూ, ఐదు వేల వస్తువూ ఒకే ధరకు చేరతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అందుకని దాన్ని పట్టుకుని చెరువు గట్టుకు వెళ్లడం కుదరదు. నీటికాకులు చేపలు తింటున్నాయన్న రైతు బాధ నాకు అర్థమవుతుంది. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పక్షిని కొట్టడం వేటే, నేరమే. రైఫిల్ ఇంటికి వచ్చే ముందే ఈ సంగతి పిల్లలకు చెప్పాలి. చెప్పినా గట్టు వైపే చూసే పిల్లవాడికి ఎంత చవక రైఫిలైనా ఖరీదైనదే.

కొలిచారు, కోచ్ సరేనన్నాడు, స్కోరు నెలల తరబడి ఒకే చోట నిలిచింది, అబ్బాయి అభ్యాసం మానలేదు. అప్పుడు కొనండి, వెనకాడకండి. ఆ స్థితిలో మంచి రైఫిల్ కొనడానికి వెనక్కి తగ్గడం పిల్లవాడి శ్రమను అవమానించడమే. ముందు సెకండ్‌హ్యాండ్ మార్కెట్ చూడండి. పోటీలు మానేసిన వాళ్ల దగ్గర జాగ్రత్తగా వాడినవి దొరుకుతాయి. టెస్ట్ కార్డు అడగండి, మీ వాడి చేత అరవై షాట్లు కాల్పించి చూడండి. అడ్వాన్సు ఇచ్చేముందు గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చదవండి. గడువు దాటిన సిలిండర్‌ను పోటీ తనిఖీలో ఒప్పుకోరు. కొత్తది కొనాల్సి వస్తే ఆ ఖర్చును అమ్మేవాడితో బేరంలోనే తేల్చుకోండి.